మొనగాడి పక్కసీటు

విస్కాన్సిన్‌లో మంచు కరిగి వెచ్చటి ఎండ కాసిన మొదటి ఆదివారం. ఐదు నెలలు గ్యారేజీలో పడుకున్న మోటార్‌సైకిల్ తీసి, తోలు జాకెట్ తొడిగి, నా అంత మొనగాడు లేడన్నట్టు బయల్దేరాను.

నది పక్క మలుపులో ఆగాను. మూడు చక్రాల సైకిల్ మీద వెనక్కి వాలి, ఎండకి మొహమిచ్చి ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

"నాకూ ఉండేది ఇలాంటిది. ఐదో ఏట వదిలేశా," అన్నాను.

చలికాలంలో రోడ్డు మీద చల్లిన ఇసుక ఇంకా పోలేదు. నా కాలు జారింది. బండి నింపాదిగా ఒరిగింది, నాతో సహా.

"మళ్ళీ ఐదేళ్ళు వచ్చినట్టున్నాయే!" అంది.

రెండుసార్లు లాగాను. బండి లేవలేదు, ప్యాంటు కుట్టు మాత్రం పుటుక్కున ఊడింది.

"లాగకండి. వీపు ఆనించి, కాళ్ళతో నెట్టండి."

బండి లేచింది.

"మీకెలా తెలుసు?"

"నాలుగేళ్ళు బైకు నేర్పాను. తర్వాత లోపలి చెవి జబ్బు చేసింది. తల తిరగడం తగ్గింది కానీ, రెండు చక్రాల మీద నిలవలేను."

భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆమె పేరు మారిట్. వారం తిరక్కుండా మా అత్త దగ్గరున్న మూడు చక్రాల సైకిల్ అడిగి తెచ్చి మారిట్ వెంట పడ్డాను. గుట్ట ఎక్కుతుంటే సగంలోనే నా పని అయిపోయింది.

"జాలిపడి వచ్చావా, కోల్బీ?" పైనుంచి అడిగింది. నవ్వలేదు.

"జాలి... ఎవరి మీద... పడాలో... నువ్వే చూడు!"

అప్పుడు నవ్వింది. బైకు మీద కొట్టే గాలి గుర్తొస్తోందని ఆరోజే చెప్పింది.

మే నెలలో నా బండికి పక్కసీటు తొట్టి బిగించాను. దాంతో బండికి మూడో చక్రం వచ్చింది. ఆమె డాక్టర్ సరేనన్నాడు.

"ఎక్కు, తిప్పి తీసుకొస్తా," అన్నాను గొప్పగా.

"తాళాలివ్వు. నువ్వు తొట్టిలో కూర్చో."

కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. యాపిల్ తోటలు తెల్లగా పూసి ఉన్నాయి. ఆమె కళ్ళల్లో నీళ్ళు గాలికో, సంతోషానికో! ఇక ఆగలేకపోయాను.

"నువ్వంటే నాకిష్టం!"

"ఏంటీ?"

"ఇష్టం!"

"ఇంజన్ మోత! గట్టిగా!"

గుండెలు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే ఆమె ఐస్‌క్రీమ్ కొట్టు ముందు ఇంజన్ ఆపింది. వరసలో నిలబడ్డ పదిహేను మందీ తిరిగి చూశారు. ఒక ముసలాయన మెచ్చుకోలుగా టోపీ తీశాడు.

మారిట్ తొట్టిలోకి వంగి నా హెల్మెట్ ఊడదీసింది.

"మొదటిసారే వినపడింది. నాకూ ఇష్టమే," అంది.

లేవబోయాను. ఇరుక్కుపోయాను.