మధుమిత పెట్టే దండం

కాలేజీకి బయలుదేరే ముందు మధుమిత అత్తమ్మ శాంత కాళ్ళకు దండం పెట్టడం మొదలై పది రోజులైంది. నర్సింగ్ చదవడానికి జగిత్యాల నుంచి కెనడాలోని విండ్సర్ వచ్చి, ఆర్నెల్లుగా మేనమామ ఇంట్లో ఉంటున్న పిల్లకి ఉన్నట్టుండి ఈ భక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో శాంతకు అంతుపట్టలేదు. అదీ మామూలు దండం కాదు. చీలమండ దగ్గర బొటనవేలితో కాసేపు నొక్కిపట్టి లేచేది. లేచాక చూపు తిన్నగా శాంత మెడ మీదికి పోయేది.

ఆ మెడలో శాంతకు వాళ్ళమ్మ ఇచ్చిన గొలుసుంది. అనుమానానికి ఇంకేం కావాలి?

భర్త మహీధర్‌తో చెబితే నవ్వేసి, కారు తీసుకుని ప్లాంట్‌కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే పిల్ల పక్క సర్దుతానని గదిలోకొచ్చి, ఎన్ని దిండ్లు వేసుకుంటావని అడిగింది. మూడని చెప్పింది కానీ, పడుకునేటప్పుడు గొలుసు దిండు కిందే పెట్టే శాంతకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే గొలుసును బేస్‌మెంట్‌లో బియ్యం డబ్బా అడుగున దాచింది. మెట్లెక్కి పైకొచ్చేసరికి ఆయాసంతో సోఫాలో కూలబడింది.

మర్నాడు పిల్ల వంగబోతే కాళ్ళు వెనక్కి లాక్కుంది. అయినా చూపు మెడ మీదే ఉంది.

"ఇంకేం చూస్తున్నవే? గొలుసు దాచిపెట్టిన" అంది శాంత.

మధుమిత ముఖం పాలిపోయింది. "గొలుసా? నేను చూసేది నరం, అత్తమ్మా. కూసున్నా గూడ ఉబ్బి కనిపిస్తుంది. కాళ్ళు నొక్కితే గుంట పడి అట్లనే ఉంటుంది. మూడు దిండ్లు లేకుంటే నీకు ఊపిరాడ్తలేదు. ఇవన్నీ మాకు ఒక్క పాఠంలనే చెప్పిన్రు."

"ఏం పాఠం?"

"గుండె జబ్బు."

మొదటిరోజే చెప్పబోతే పొద్దున్నే రోగాల మాటేంటని కసిరావని, తనింకా స్టూడెంటే కాబట్టి తప్పయితే ఊరికే భయపెట్టినట్టవుతుందని, అందుకే రోజూ చూస్తూ వచ్చానని ఏడుస్తూ చెప్పింది. శాంత సాక్సు కిందికి లాగి తనే నొక్కి చూసుకుంది. గుంట అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ వాపు స్నో బూట్ల వల్లేననుకుంది. ఫ్యామిలీ డాక్టర్‌ది రెండేళ్ళుగా ఫోన్ వైద్యమే, కాళ్ళు చూసింది లేదు.

కబురందుకుని మహీధర్ వచ్చి ఇద్దరినీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టర్ ముందు చీలమండ నొక్కాడు. తల పక్కకి తిప్పించి మెడ చూశాడు. ఎన్ని దిండ్లు వేసుకుంటారని అడిగాడు. ఆ ప్రశ్నకు శాంత కళ్ళెత్తి మధుమిత వైపు చూసింది. సిగ్గుపడుతూనే మూడని చెప్పింది.

టెస్టులయ్యాక, గుండెలో వాల్వ్ లీకవుతోందని, వేళకే తీసుకొచ్చారని చెప్పి అడ్మిట్ చేసుకున్నారు.

బట్టలు తేవడానికి మధుమిత ఇంటికి బయలుదేరుతుంటే శాంత ఆపింది. "బియ్యం డబ్బా అడుగున గొలుసుంది. తీసి నీ మెడల వేసుకో. నేను ఇంటికొచ్చేదాక ఎవరికీ ఇయ్యకు."

మధుమిత వంగి కాళ్ళకు దండం పెట్టింది. శాంత కాళ్ళు కదల్చలేదు. ఈసారి బొటనవేలు ఎక్కడా నొక్కలేదు.