ఆగని బంతి

వకీలు లైమన్ థోర్సన్ టోపీ తీసి, డిటెక్టివ్ అగస్టా క్రేన్ ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు.

"నా యంత్రాన్ని ఎవరో కావాలనే పాడుచేశారు మేడమ్. ఒక మనిషి ప్రాణం మీదకొచ్చేది!"

డులూత్ ఊళ్ళో ఆ యంత్రం సంగతి అందరికీ తెలుసు. కోర్టు పని ముగిశాక లైమన్ దానితోనే కుస్తీ పట్టేవాడు. ఒక స్తంభం, దాని చుట్టూ తిరిగే చువ్వ, చువ్వ చివర బేస్‌బాల్. బ్యాటుతో కొడితే బంతి గిర్రున తిరిగి మళ్ళీ ముందుకొస్తుంది. స్తంభానికి బిగించిన తోలుపట్టీ దాని వేగాన్ని అదుపు చేస్తుంది. ఆ ఉదయం ఊరి జట్టుకు చూపిస్తుండగా పట్టీ పట్టు వదిలేసింది. బంతి అదే ఊపులో వెనక్కొచ్చి ఆటగాడి భుజానికి తగిలింది.

"ఎవరి మీద అనుమానం?"

"ఆఫీసులో నా భాగస్వామి ఎల్డన్ ప్రూట్ మీద. యంత్రం పేరెత్తితేనే వాడికి మంట. ఇన్నేళ్ళ స్నేహమని చూడను, ఆఫీసు పంచేసుకుంటాను."

లైమన్ అగస్టాను, ఆమె సహాయకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేసరికి, ఆఫీసు వెనక పెరట్లో యంత్రం దగ్గర ఎల్డన్, జట్టు శిక్షకుడు బ్రోగన్ ఎడమొహం పెడమొహంగా నిలబడి ఉన్నారు.

"రోజూ ఆ కీచు చప్పుడుతో చెవులు తూట్లు పడేవి. పీడా పోయింది," అన్నాడు ఎల్డన్.

అగస్టా అతనితో కరచాలనం చేసి, చేతిని ఒక్క క్షణం వెలుగుకు తిప్పింది. అరచేతిలో పచ్చి బొబ్బలు. చొక్కా అంచున నూనె మరక. సహాయకుడు మిల్టన్‌కు మాత్రం మరకే కనబడింది.

"పొద్దున ఇది కీచుమందా?" అని ఆమె బ్రోగన్‌ను అడిగింది.

"లేదే! పిల్లిలా చప్పుడు లేకుండా తిరిగింది."

ఆమె తోలుపట్టీని తాకి వేళ్ళు వాసన చూసింది.

"దొరికాడు మేడమ్!" గుసగుసలాడాడు మిల్టన్.

"మనిషి దొరికాడు మిల్టన్, నేరం దొరకలేదు." ఆమె ముగ్గురినీ స్తంభం దగ్గరకు పిలిచింది. "పట్టీకి నూనె రాసింది ప్రూట్ గారే. తోలు జారింది, బంతి ఆగలేదు. అయితే పాడుచేయాలనుకునేవాడు మరలు వదులు చేస్తాడు గానీ చప్పుడు పోగొడతాడా? పదిమందిలో ఇది కీచుమని నవ్వులపాలు కాకూడదని ఆయన తాపత్రయం. ఇక ఆ బొబ్బలు లా పుస్తకాలు తిరగేస్తే వచ్చేవి కావు. లైమన్ గారు ఇంటికెళ్ళాక ఇక్కడ బ్యాటు పట్టింది ఎవరు?"

ఎల్డన్ తల వంచుకున్నాడు.

"ఒరేయ్, చెప్పి చావొచ్చు కదరా!" అన్నాడు లైమన్.

"ఎగతాళి చేసిన నోటితో ఏం చెప్పను? బంతికి బ్యాటు తగల్చలేనని కాలేజీలో నన్ను జట్టులోంచి తీసేశారు. నీ యంత్రం దగ్గర తగిలిందిరా. మళ్ళీ మళ్ళీ తగిలింది."

లైమన్ అతని భుజం పట్టుకున్నాడు. ఇన్ని కేసులు చూసిన మిల్టన్‌కు, నేరస్థుణ్ణి చూసి కళ్ళు చెమర్చడం ఇదే మొదలు.

బ్రోగన్ గొంతు సవరించుకున్నాడు. "కొత్త పట్టీ వేయించండి, మళ్ళీ చూస్తాను. ఈలోగా దెబ్బ తగిలినవాడి చోటు ఖాళీగా ఉంది. ఆదివారం ఆటకు వస్తారా ప్రూట్ గారూ?"

ఎల్డన్ తన అరచేతుల్లోని బొబ్బల వంక చూసుకున్నాడు.

లైమన్ కోటు సర్దుకుని ముందుకొచ్చాడు. "నా కక్షిదారు తరఫున నేను చెబుతున్నాను. వస్తాడు."