తలకిందుల కర్రలు

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే నెల్లూరులో ఎవరికీ కుదురుండదు. ప్రైవేటు డిటెక్టివ్ గంగాభవానికి మామూలు రోజుల్లోనే ఉండదు. ట్రంకురోడ్డు పక్క మేడమీద గదిలో కిటికీ నుంచి తలుపుదాకా, తలుపు నుంచి కిటికీదాకా నడిస్తేగాని ఆవిడకు ఆలోచన సాగదు. ఆవిడ సహాయకుడు సుకుమార్‌కు ఆ నడకంటే దేవుడి ఊరేగింపంత భక్తి.

ఆ బుధవారం ఉదయం తడిసిన పంచెతో డెబ్బై దాటిన మనిషొకాయన మెట్లెక్కి వచ్చాడు. చేతిలో నున్నటి పొడుగాటి కర్ర ఉంది. కూర్చోమన్నా దాన్ని వదల్లేదు.

“నా పేరు హజరత్తయ్యమ్మా. వాకాడులో మా నాయన పెట్టిన బిలియర్డ్స్ హాలు ఉండాది. నిన్న మధ్యాన్నం నేను అన్నం తిని కునుకు తీసి వచ్చి దుప్పటి ఎత్తి చూస్తే బల్ల మీద పచ్చ గుడ్డ ఎవురో కోసేసినారు.”

“గుడ్డే కదండీ. మార్పిస్తే సరి,” అన్నాడు సుకుమార్.

ముసలాయన అతనివైపు జాలిగా చూశాడు. “గుడ్డ మార్పిస్తాలే బాబూ. మా ఊరోళ్ళని ఎట్ట మార్చేది? నరేంద్రబాబని, రొయ్యల మందులు అమ్మతాడు. హాలు అమ్మమని నా చుట్టూ తిరగతా ఉండాడు. ఇది అతని పనేనంటున్నారు అందరూ. గాలికి పడవలు పోలా, వేట లేదు, ఒళ్ళు మండి ఉండారు. సాయంత్రానికి అతని కొట్టు మీద పడతారు. అతను చేసుంటే పోలీసులకి పట్టిస్తా. చెయ్యకుంటే? నా హాలు పేరు చెప్పి ఒక మనిషిని కొట్టినారంటే నేనింక తలెత్తుకోలేను.”

గంగాభవాని నడక ఆపకుండానే గొడుగు అందుకుంది.

దారి పొడుగునా సరుగుడు తోపులు ఒకవైపే ఒరిగి ఊగుతున్నాయి. హాలు ముందు లుంగీలు ఎగగట్టిన మగవాళ్ళు బీడీలు కాలుస్తూ, నిలబడలేక కూర్చోలేక తిరుగుతున్నారు. ఎవరో ఒకరు అనుకుంటే చాలు, అందరూ కదిలేలా ఉన్నారు.

హాలు లోపల తలుపులు మూసి ఉండటంతో సాంబ్రాణి వాసన ఇంకా పోలేదు. ఒకే బల్ల, దాని మీద తెల్లటి దుప్పటి. హాలు మార్కరు పెంచలకృష్ణ, అంటే ఆటలో లెక్క చెప్పే మనిషి, దుప్పటి తొలగించాడు. పచ్చ గుడ్డలో బల్ల మధ్యకు కొంచెం ఇవతలగా, విస్తరాకులో సగమంత మేర ముక్క లేదు. కింద నల్ల రాతిపలక కనిపిస్తోంది.

“ఆ ముక్కేదీ?” అంది గంగాభవాని.

“కనపళ్ళా అక్కా. దొంగ ఎత్తుకపొయినట్టుండాడు,” అన్నాడు పెంచలకృష్ణ.

ఆవిడ పలక మీద వేలు పోనిచ్చింది. ఎక్కడా గీత పడలేదు. గుడ్డ అంచు ఒక్క పోగు కూడా లేవకుండా నున్నగా ఉంది. తర్వాత వంగి, మిగిలిన గుడ్డ మీది నూగును వెలుతురుకు అడ్డంగా చూసింది. ఆట మొదలుపెట్టే సుద్ద గీత ఉన్న కొస నుంచి అవతలి కొసదాకా నూగంతా ఒకేవైపు పడుకుని ఉంది.

“గుడ్డని బ్రష్షుతో దువ్వింది ఎవరు?”

హజరత్తయ్య, పెంచలకృష్ణ మొహాలు చూసుకున్నారు. కోసిన గుడ్డను ఎవరు దువ్వుతారు? గీత నుంచి అవతలికి మాత్రమే దువ్వాలని ఆటగాళ్ళకు కూడా తెలియదనీ, అది ఈ హాల్లో తనూ పెంచలకృష్ణా చేసే పనేననీ ముసలాయన చెప్పాడు. పాపం, ఆ మాట ఎటు పోతుందో ఆయన ఆలోచించలేదు. పెంచలకృష్ణ మాత్రం వెంటనే అందుకున్నాడు.

“నేను బావ పడవ ఒడ్డుకి లాగతా ఉండానక్కా మధ్యాన్నమంతా. పల్లె మొత్తం చూసింది.”

మూలన ఇటుక మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉంది. అదెందుకని అడిగాడు సుకుమార్.

“సముద్రం గాలికి గుడ్డ చెమ్మెక్కతాది బాబూ. చెమ్మ గుడ్డ మీద బంతి ముసలెద్దు మాదిరి నడస్తాది. అందుకని రోజూ మధ్యాన్నం రుద్దుతాం. నిన్న రుద్దతా ఉంటే వెనకమాల రేకు గాలికి లేచింది. పరిగెత్తి, దాన్ని కట్టేసరికి నా పని అయిపొయింది. అట్నే ఇంటికి పొయ్యి తిని పడుకున్నా.”

“ఇస్త్రీ పెట్టె?”

“ఇటిక మీద పెట్టే పోయుంటా. ఇదో, ఆడే ఉండాదిగా.”

గంగాభవాని పెట్టెను తిప్పి చూసింది. పక్కలంతా తుప్పు, అడుగు మాత్రం కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. పక్కనే ధూపం గిన్నెలో బూడిద నిండుగా ఉంది. సాంబ్రాణి శుక్రవారం శుక్రవారం వేస్తామన్నాడు పెంచలకృష్ణ. వెనక తలుపు గడియకు దెబ్బ తగల్లేదు, లోపలినుంచే తీసినట్టుంది.

గోడ మీద హజరత్తయ్య చేతిలోలాంటివే నాలుగు ఆట కర్రలు తలకిందులుగా వేలాడుతున్నాయి. సుకుమార్ వాటినే చూస్తున్నాడు.

“అవి గుడ్డ చించినోళ్ళవి,” అన్నాడు హజరత్తయ్య. “మా నాయన పెట్టిన కట్టుబాటు. గుడ్డ చెడగొట్టినోడు ఇంక ఈ హాల్లో కర్ర పట్టకూడదు. పైది నరేంద్రబాబుది. కిందది మా అమ్మాయి వాణిది. పదారేళ్ళప్పుడు చించింది. కూతురని వదిలితే కట్టుబాటేముండాది? ఏడ్చింది. అయినా ఎక్కించినా.”

నరేంద్రబాబు తన కొట్టు షట్టరు సగం దించుకుని లోపల చెమటలు కక్కుతున్నాడు. “స్థలం అడగడం తప్పా మేడమ్? నాకు కావాల్సింది గోడలు. ఆ బల్లని కొయ్యడానికి నాకు చేతులెట్టొస్తాయి? నేనూ ఆడినోణ్ణే,” అన్నాడు.

వాణి కుట్టుమిషను హాలు పక్క గదిలోనే ఉంది. నలభై దగ్గరపడిన మనిషి. జాకెట్టు గుడ్డ కత్తిరిస్తూ తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

“ఆ హాలంటే నాకు పడదండీ. మూసెయ్యి నాయనా అని నేనే పోరతా ఉండా. నా కర్ర గోడెక్కిన రోజునుంచి లోపల అడుగు పెట్టలా.”

ఆ గది నుంచి బయటికి రాగానే గంగాభవాని అరుగు మీద కూర్చుండిపోయింది. సుకుమార్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆవిడ కూర్చుందంటే జవాబు దొరికిందన్నమాట. దొరికిన జవాబు నచ్చలేదన్నమాట.

“చెప్పకుండా పోదామా అక్కా?” అన్నాడు మెల్లగా.

“పోవచ్చు. సాయంత్రం నరేంద్రబాబు తల పగులుతుంది. అందర్నీ పిలువు.”

హాలు కిక్కిరిసింది. నరేంద్రబాబు గోడకు అంటుకుపోయాడు. వాణి గుమ్మం బయటే నిలబడింది. గంగాభవాని బల్ల పక్కన నిలబడి, తిరక్కుండా, ఒకే చోటునుంచి చెప్పింది.

“కసితో కోసేవాడు కత్తి తెస్తాడు, అడ్డదిడ్డంగా గీస్తాడు. ఇక్కడ పలక మీద గీత లేదు. ఇది కత్తెర పని, అలవాటైన చెయ్యి. కసితో కోసేవాడు ముక్క పట్టుకుపోడు. ముక్క మాయమైందంటే, ఆ ముక్క మీద ఉన్నదేదో కనపడకూడదన్నమాట. మంగళవారం సాంబ్రాణి ఎందుకు వేశారు? ఈ గుడ్డ ఉన్నిది, ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. దాన్ని చంపడానికి. ఇస్త్రీ పెట్టె అడుగు ఎందుకు తోమారు? మాడిన ఉన్ని అంటుకుంది కాబట్టి. వెనక తలుపు తీసిపెట్టింది దొంగ పేరు చెప్పడానికి.”

హజరత్తయ్య తన కుడి చేతివైపు చూసుకున్నాడు.

“రేకు లేచింది,” అన్నాడు. “పరిగెత్తినా. పెట్టె... ఇటిక మీద పెట్టినట్టు నాకు గుర్తు లేదమ్మా. పెట్టుంటాననుకున్నా.”

“మీరు బల్ల మీదే వదిలేశారు. పొగ చూసి పక్క గదిలోంచి ఒకరు వచ్చారు. కాలినంత మేర కత్తిరించి, అంతా సర్దారు. అక్కడితో వెళ్ళిపోతే నేను పట్టుకోలేకపోయేదాన్ని. కానీ చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చిన చెయ్యి ఊరుకోలేదు. దువ్వకుండా, దుప్పటి కప్పకుండా ఈ బల్లని వదిలి పోలేకపోయింది. లోపల అడుగే పెట్టలేదన్నావు గదమ్మా వాణీ.”

జనం గుమ్మంవైపు తిరిగారు. వాణి కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

“ఆయన కర్ర ఆయనే ఎక్కించుకుంటాడని తెలుసు నాకు,” అంది. “నన్నే వదల్లేదు, తనని వదులుకుంటాడా? కర్ర లేకపోతే మా నాయన బతకడు. నరేంద్రన్న మీదకి పోతాదని అనుకోలా. మాపటికి చెప్పేద్దామనే ఉండా. నోరు రాలా. తప్పైంది అన్నా.”

నరేంద్రబాబు చేతి గుడ్డతో మొహం తుడుచుకుని తలాడించాడు.

హజరత్తయ్య లేచాడు. తన కర్రను మేకుకు తలకిందులుగా, కూతురి కర్ర పక్కనే తగిలించాడు. వయసులో చిన్నవాళ్ళు అడ్డుపడబోతే చేత్తోనే ఆపాడు. మొలతాడుకున్న తాళంచెవి విప్పి గుమ్మం బయటున్న వాణికి ఇచ్చాడు. సుకుమార్‌కు ఇంత తెలివిగా తేల్చిన కేసు తేలకుండా ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది.

వాణి తాళంచెవిని అరచేతిలో తిప్పి చూసింది.

“ఇంక ఈ హాలు నాదే గదా నాయనా?”

“నీదే.”

“కట్టుబాటు కూడా?”

ముసలాయన జవాబు చెప్పేలోపే ఆమె లోపలికి వచ్చి గోడ మీది కర్రలన్నీ ఒక్కొక్కటే దించింది. ఒకటి నరేంద్రబాబు చేతిలో పెట్టింది. తనది చంకన పెట్టుకుని, తండ్రిది తండ్రికి చాపింది.

“గుడ్డ లేదు గదే,” అన్నాడు హజరత్తయ్య.

“ఉన్నకాడికి ఆడదాం.”

ఆయన తెల్ల బంతిని పెట్టి, వంగి, కొట్టాడు. బంతి పచ్చ గుడ్డ మీద చప్పుడు లేకుండా వెళ్ళి, కోసిన చోట పలక మీద గరగరమని దొర్లి, మళ్ళీ గుడ్డెక్కి అవతలి అంచుకు తగిలింది. ఎక్కడికి పోవాలో అక్కడికి మాత్రం పోలేదు.

“ఇంక నీ వంతు,” అని ఆయన పక్కకు జరిగాడు.