అయిపోయిందన్నాక

టైలరు కొట్టు మీదున్న ఆ స్టూడియోకి చెడ్డపేరు ఊరికే రాలేదు. అక్కడ ఒక ముసలి ఫొటోగ్రాఫర్ ఉండేవాడట. ఎవడో తన ఫొటో తనే చూసుకుని, "నేనిలా ఉంటానా?" అని అడిగి, కెమెరా స్టాండుతోనే ఆయన్ని కొట్టి చంపాడట. అప్పట్నుంచి దీపాలు ఆర్పాక లోపల ఫ్లాష్ దానంతటదే వెలుగుతుందని... ఆ వెలుగులో పడ్డవాడి అసలు రూపం బయటపడుతుందని... టైలరు ఒట్టేసి మరీ చెబుతాడు.

అలాంటి గదిని ఏరికోరి అద్దెకు తీసుకుంది చిన్నది. ఇంట్లో రెండో కూతురు కాబట్టి అందరికీ చిన్నదే. "ఆ దెయ్యం తాత కూడా ఫొటో దిగుతానంటే కాదంటానా?" అని నవ్వేది.

ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాడుచేసి పాడుచేసి నేర్చుకుంది. మనిషి అసలు మొహం పట్టుకోవడానికి తనదంటూ ఒక కిటుకు ఉంది. క్లిక్ మనిపించి, "అయిపోయింది, లేవండి" అంటుంది. బిగబట్టిన ఊపిరి వదిలి, పెట్టుకున్న నవ్వు తీసేస్తారు కదా — అప్పుడు చెప్పకుండా ఇంకొకటి తీస్తుంది. అదీ అసలుది.

ఆ రాత్రి అక్క బతుకంతా ఆ కిటుకు మీదే నిలబడింది.

మెడ మీద కమిలిన మచ్చలతో అక్క పుట్టింటికొచ్చి నెలలయింది. అమ్మ మాత్రం నమ్మదు. "అల్లుడు గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. నువ్వే ఏదో అనుంటావు" అంటుంది. ఇప్పుడు బావ తీసుకెళ్లడానికొచ్చాడు. వెళ్లేముందు ఇద్దరూ ఒక ఫొటో దిగండంటూ పైకి పంపి, అక్క బట్టల సంచీ పట్టుకుని కింద మెట్ల దగ్గర కూర్చుంది అమ్మ.

ఒక్క ఫొటో దొరికితే చాలనుకుంది చిన్నది. అది తీసుకెళ్లి అమ్మ కళ్లముందు పెడితే చాలు.

"కొంచెం దగ్గరగా, బావా."

"మరదలు పిల్ల ఎలా అంటే అలా." బావ మెత్తగా నవ్వాడు.

క్లిక్.

"అయిపోయింది."

క్లిక్.

స్క్రీన్ చూసుకుంది. అదే నవ్వు... వెంట్రుకవాసి కూడా చెదరలేదు. బాగా రాలేదని వంక పెట్టి మళ్లీ తీసింది. మళ్లీ అదే.

"ఇంక బయల్దేరదామా?" అన్నాడు అక్కతో.

అక్క వెనక్కి జరిగింది. మూలనున్న ఫ్లాష్ స్టాండును ఆసరాగా పట్టుకుని బిగుసుకుపోయింది.

"అక్క రాదు" అంది చిన్నది.

బావ విసుక్కోలేదు. తాపీగా వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"మొగుడూ పెళ్లాల మధ్య నీకెందుకమ్మా..." అని, స్విచ్చు మీద వేలు పెట్టాడు.

టక్. చీకటి.

చిన్నదాని జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నోట్లో ఉప్పగా రక్తం. కెమెరా బెల్టు మెడ చుట్టూ బిగుసుకుంది. అరవబోతే గొంతులోంచి గాలి కూడా రాలేదు. ఆ చేతులకు తొందర లేదు... తడి గుడ్డ పిండుతున్నట్టు, నిదానంగా...

అప్పుడు — కెమెరా మీద ఎవరి వేలూ లేదు — ఫ్లాష్ వెలిగింది.

తెల్లటి వెలుగులో ఒక్క క్షణం బావ మొహం. చీకటి.

మళ్లీ వెలిగింది. ఈసారి మూలనుంచి కాదు... కాస్త ఇవతలనుంచి.

"ఎవరది?" బావ గుసగుసగా అడిగాడు.

మళ్లీ వెలుగు, ఇంకా దగ్గరగా. అది నడుస్తోంది...

బావ వెనక్కి తిరిగాడు. సరిగ్గా కళ్లలోకి వెలిగింది.

ఆ వెంటనే ఇనుము ఎముక మీద పడ్డ చప్పుడు. బెల్టు వదులైంది. ఇంకో దెబ్బ. ఇంకొకటి. వేడిగా ఏదో చిన్నదాని చెంప మీద చిందింది.

"వదిలెయ్ తాతా..." పాకుతూ గొణిగింది. "చచ్చిపోతాడు... వదిలెయ్!"

లైటు వెలిగింది.

గుమ్మంలో అమ్మ. వేలు ఇంకా స్విచ్చు మీదే ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎన్ని వెలుగుల్లో ఏమేం చూసిందో... సంచీ చేతిలోంచి జారి కిందపడింది.

నేలమీద బావ నెత్తురోడుతూ మూలుగుతున్నాడు. పక్కన రెండు చేతులతో స్టాండు పట్టుకుని, రొప్పుతూ — అక్క.

"తాతా లేడు, బామ్మా లేదే. నేనే" అంది. "ఈ ఫ్లాష్ వెనక బొత్తాం నొక్కితే వెలుగుతుందిగా. పెళ్లయినప్పట్నుంచీ లైటు ఆపాకే కొడతాడే చిన్నదానా. కొట్టేటప్పుడు ఒక్కసారి... మొహం చూడాలనిపించింది."

"చూశావా?" అంది చిన్నది.

అక్క తలూపింది.

"కోపమొచ్చి కొడుతున్నాడనుకున్నానే ఇన్నాళ్లూ. కోపం తగ్గితే మారతాడని కాచుకుని కూర్చున్నాను." స్టాండు మీద ఆమె పిడికిలి బిగిసింది. "కోపం లేనే లేదు... నీ గొంతు పిసుకుతున్నప్పుడు కూడా, ఆ ఫొటోలో నవ్వే నవ్వుతున్నాడు."

కింద బావ మోచేతి మీద లేవబోయాడు. పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. "అత్తయ్యగారూ..." అన్నాడు మెత్తగా.

"నేనూ చూశాను" అంది అమ్మ.

తలుపు గడియ లోపలనుంచి పెట్టింది. లైటు ఆపింది.