ఎంగిలి గాలి

జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాతగారి బంగళా. ఈతకొలను మీద నల్లగుడ్డ కప్పేసి మిట్టమధ్యాహ్నాన్ని నడిరాత్రి చేసేశారు. సినిమావాళ్లు తలుచుకుంటే సూర్యుడికీ సెలవే. నీటి అడుగున హీరో, విలన్ కొట్టుకోవాలి. హీరోగారికి జలుబు చేస్తుందట, విలన్‌గారికి ఈత రాదట. అందుకని డూపులు త్రినాథరావు, జాన్ బాబు దిగాలి. డూపులకి జలుబు చెయ్యదు కదా!

తేలిపోకుండా ఇద్దరి నడుములకీ సీసపు దిమ్మలు కట్టారు. అడుగున సెట్టింగు కోసం పెట్టిన ఫైబరు రాయి వెనక ఒకే గాలి సిలిండరు, దానికి ఒకే గొట్టం. రెండు గుక్కలు పీల్చి పక్కవాడికివ్వాలి. గాలి కావలసినవాడు పక్కవాడి మణికట్టు మీద రెండుసార్లు తట్టాలి. పైనుంచి నిచ్చెన మీద ఇనపరాడ్డు మోగితే కట్ అయినట్టు. అందాకా పైకొస్తే తిట్లు, మళ్లీ టేకు.

"ఎంగిలి పట్టింపు లేదు కదన్నా?" నవ్వాడు జాన్ బాబు.

"వచ్చేనెల నీ పెళ్లిలో నీ కంచంలోనే తింటాలేరా."

వాచ్‌మన్ బాలనర్సయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "జర పైలం సారూ. పోయిన ఎండకాలం గిట్లనే ఇద్దరు దిగిండ్రు. ఒకడు గొట్టం ఇడవలే. ఇంకొకడు గీడనే పోయిండు. ఇప్పటికీ గాలి అడుగుతడట."

"ఇవ్వకపోతే సరి," అన్నాడు త్రినాథరావు వేళాకోళంగా.

కొలను మీద క్లోరిన్ వాసన. దాని కింద ఎక్కడో కుళ్లిన నాచు కంపు. లోపల, గోడ అద్దం వెనక కెమెరా దగ్గర మినుకుమనే నీలి దీపం తప్ప వెలుగు లేదు. డూపుల మొహాలు కనిపించకూడదు మరి. మొదట అంతా సవ్యంగానే సాగింది. రెండు గుక్కలు... తట్టు... ఇచ్చాడు. పుచ్చుకున్నాడు.

అప్పుడు, ఒక మణికట్టు మీద తట్టు పడుతుండగానే, రెండో మణికట్టు మీద ఇంకో చెయ్యి తట్టింది.

త్రినాథరావు గొట్టం బిగించి పట్టుకున్నాడు. అటు మంచులాంటి చెయ్యి... ఇటు వెచ్చటి చెయ్యి. వెచ్చగా ఉన్నవాడే బతికున్నవాడు. గొట్టం వెచ్చటి చేతికిచ్చాడు. తిరిగి తీసుకున్నాడు. మళ్లీ దానికే ఇచ్చాడు.

చల్లటి చెయ్యి తట్టింది. గీరింది. గొట్టం లాక్కోబోయింది... భయంతో దాని మెడ దొరకపుచ్చుకుని ఆ రాయికి అదిమేశాడు. అది ఇంకా తడుతూనే ఉంది. రెండుసార్లు... రెండుసార్లు... ఒక్కసారి.

ఆగిపోయింది.

రాడ్డు మోగింది. పైకొచ్చేసరికి చప్పట్లు. "పెనుగులాట అదిరిందయ్యా! కట్ చెప్పబుద్ధి కాలేదు," అన్నాడు దర్శకుడు.

"జాన్ బాబేడండీ?"

అడుగునుంచి వాణ్ణి బయటికి తీశారు. మెడ మీద త్రినాథరావు వేళ్ల అచ్చులు. వాడి చెయ్యి పట్టుకుని చూశాడు. మంచులా ఉంది. నీళ్లలో అంతసేపు నానినవాడి చెయ్యి చల్లగా కాక ఎలా ఉంటుంది? ఆపాటి ఇంగితం లేకపోయిందే తనకి!

ఏడవడానికి నోరు తెరిచాడు. ఒక గుక్క లోపలికి పోయింది. రెండో గుక్క పోయింది. మణికట్టు మీద ఎవరో మెల్లగా రెండుసార్లు తట్టారు...

వెచ్చగా.

త్రినాథరావు నోరు తెరిచే ఉంది. మూడో గుక్క అతనికి రాలేదు.