నెమలికంఠం సీటు కవరు

"ఒరే శంకరూ, ఎనకాల ఎవల్నీ ఎక్కించుకోకు. పడితే మన మెడకి సుట్టుకుంటాది," అంది నరసమ్మ, బండి ఇంకా స్టార్టు కాకముందే.

గౌరీశంకర్ కొత్త సీటు కవరుని అరచేత్తో నిమిరాడు. అమ్మ కుట్టిందే. జాకెట్ల లైనింగుకని తెచ్చిన నెమలికంఠం రంగు శాటిన్ గుడ్డ మిగిలిపోతే, చుట్టూ పసుపు లేసు వేసి బండికి తొడిగింది. అలాంటి సీటు చోడవరం మొత్తంలో ఇంకోటి లేదు.

"అమ్మా, ఇది జారతంది."

"నెమ్మదిగా తోల్తే ఎందుకు జారతాది? ఇంతకీ ఎవల్ని ఎక్కిస్తన్నావేటి?"

"నేనెవల్ని ఎక్కిస్తానే!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆ నవ్వు మీదే ఆవిడకి అనుమానం. ట్రాక్టరు స్పేర్ పార్టుల షాపులో కూర్చునేవాడికి సెంటెందుకు? అడిగితే, డీజిలు వాసన పోడానికన్నాడు. డీజిలు వాసన ఇన్నేళ్లూ లేదా?

సాయంత్రం అయ్యేసరికి నరసమ్మ భయాలన్నీ టీవీ ముందు కాస్త సర్దుకునేవి. సీరియల్లో పెద్దకోడలుగా వేసే గౌతమి దగ్గర్లోని రావికమతం పిల్లే. అత్త ఎన్ని మాటలన్నా తలొంచుకుని కళ్లు తుడుచుకునేది. "కోడలంటే అలగుండాల," అని నరసమ్మ రోజూ అనేది. అనేటప్పుడల్లా కొడుక్కి ఎందుకో పొలమారేది.

తర్వాత వారం ఊళ్లో అందరి ఫోన్లలోకీ ఒక ఫొటో వచ్చింది.

గోవాడ రోడ్డులో సన్నగా వాన. ఎవడో చెరుకు ట్రాక్టరు మీంచి తీశాడు. బండి మీద గౌతమి, ముందున్నవాణ్ణి రెండు చేతులా వాటేసుకుని, వాడి భుజం మీద మొహం పెట్టి నోరు తెరిచి ఉంది. వాడికి హెల్మెట్. పైన ఎర్ర అక్షరాలు: 'పెద్దకోడలి చాటు ప్రేమ! హెల్మెట్ వెనక ఎవరు?'

"ఈ గుంటకి ఓ ప్రొడ్యూసరు ఇల్లు కూడా కొనిచ్చేడంటొదినా," అంది పక్కింటి చిన్నమ్మి.

"ఎవలు సెప్పేరు?"

"ఫోన్లో ఉంది!"

ఫోన్లో ఉన్నదాన్ని ఎవరు కాదంటారు? సొంత మనిషే మోసం చేసినట్టనిపించింది నరసమ్మకి. ఫ్యామిలీ గ్రూపు తెరిచి, మైకు బొమ్మ నొక్కి, గొంతెత్తింది.

"సూసేరా? ఇన్నాళ్లూ ఏడుపు మొకం పెట్టి మనల్ని ఎలా నమ్మించిందో! ఇలాటి గుంట అడుగెట్టిన ఇల్లు ఏటవుద్ది? ఆ హెల్మెట్టోడి తల్లి ఎవలో గానీ, పాపం, దాని గెతి కుక్కలకొద్దు!"

పంపేశాక, ఆ హెల్మెట్టోడి మొహం ఏమైనా కనిపిస్తుందేమోనని ఫొటోని వేళ్లతో పెద్దది చేసింది. మొహం కనిపించలేదు. గౌతమి చున్నీ కింద నుంచి నెమలికంఠం రంగు గుడ్డ కనిపించింది. దాని చుట్టూ పసుపు లేసు.

నరసమ్మ ఫొటో మూసేసి గబగబా గ్రూపులోకి వెళ్లింది.

మెసేజీ తీసేసింది గానీ, అప్పటికే చాలామంది విని, ఇంకొందరికి పంపేశారు. తెల్లారేసరికి ఎవడో ఆ గొంతుని ఆ ఫొటోకి అతికించి రీలు చేశాడు. ఆటోల్లో అదే, టీ కొట్టు దగ్గర అదే. మాడుగుల బస్సులో ఇద్దరు కుర్రాళ్లు "ఆ హెల్మెట్టోడి తల్లి ఎవలో గానీ" అని ఒకడికొకడు వినిపించుకుని పడీ పడీ నవ్వారు.

"గొంతు అచ్చం నీలాగే లేదూ?" అంది చిన్నమ్మి.

"నాకు రొంపే," అని నరసమ్మ దగ్గింది. ఆరోజు నుంచి వీధిలో గొంతు మార్చి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇంట్లో తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. సీటు కవరు బండి మీంచి మాయమై బియ్యం డబ్బా వెనక తేలింది. సెంటు వాసన పోయింది. వాడు అన్నం కెలికి లేచిపోతున్నాడు.

ఉండబట్టలేక అడిగింది. "కవరెందుకు తీసేసేవురా?"

"జారతందని."

"ఎవలు జారేరు?"

వాడు ప్లేటు పక్కకి నెట్టాడు. "రీల్లో ఆ గొంతెవల్దే?"

నరసమ్మకి రొంప గుర్తొచ్చింది గానీ దగ్గు రాలేదు.

"డిగ్రీ నుంచీ ఇష్టమమ్మా," అన్నాడు వాడే. "ఆళ్ల అమ్మమ్మని సూడ్డానికొచ్చింది. వాన, ఆటోల్లేవు. దింపుతానన్నాను. ఇంటికాడ దించేటప్పుడు పెళ్లి మాటడుగుదామనుకున్నాను. దారిలో ఎవడో ఫొటో తియ్యడం సూసేను, ఇంక అడగలేకపోయేను."

"ఆ ప్రొడ్యూసరు ఇల్లో?"

"ఇంకో ఇద్దరమ్మాయిల్తో అద్దింట్లో ఉంటదే! ఊరంతా తిట్టినా నవ్వేసింది. నీ మాటిన్నాకే నా ఫోనెత్తడం మానేసింది."

"నా గొంతని దానికెలా తెలుసురా?"

"ఇన్నేళ్లూ ఫోన్లో నా ఎనకాల నువ్వరిసేవన్నీ ఇందిగదా!"

నరసమ్మకి సిగ్గేసింది. అయినా ఒక ముల్లు మిగిలిపోయింది. "అంతా బాగానే ఉంది. నడిరోడ్డు మీద ఆ వాటేసుకోడమేటి?"

"దాన్నే అడుగు," అని వాడు బయటికెళ్లిపోయాడు, ఫోను అక్కడే వదిలేసి.

నరసమ్మ ఆ ఫోను నుంచే గౌతమికి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఆఖరికి మైకు బొమ్మ నొక్కింది. ఈసారి గొంతు లేవలేదు.

"అమ్మా గౌతమీ, హెల్మెట్టోడి తల్లిని. నిన్ను సూడకుండా, అడక్కుండా అనేసేను. తప్పు నాదే. ఇది కూడా రీలు సేసుకో, పర్లేదు. ఆడు అన్నం తింటం లేదు. నువ్వు మాయింటికొస్తావేటమ్మా? ఇంకోటి... కోప్పడకు, అడక్కపోతే నాకు నిద్రట్టదు. ఆణ్ణి అలా ఎందుకు వాటేసుకున్నావు?"

మెసేజీ పక్కన మైకు బొమ్మ నీలంగా మారింది. విన్నది.

బయట చెరుకు ట్రాక్టరు ఒకటి మూలుగుతూ పోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. సీరియలు వేళయింది, టీవీలో పెద్దకోడలు తలొంచుకుని ఏడుస్తోంది. నరసమ్మ ఆ మొహాన్నీ, చేతిలోని ఫోన్నీ మార్చి మార్చి చూసింది. టీవీలోది నటన, ఫోనుకి అవతల నిజంగానే ఏడుస్తోందేమో. టీవీ కట్టేసింది.

వాన మొదలైంది. శంకరు తడిసి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఫోను మోగింది.

అవతల ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. బతుకులో మొదటిసారి నరసమ్మ, అవతలి మనిషి మాట్లాడేదాకా ఆగింది.

"స్పీడు బ్రేకర్ దగ్గర మీ సీటు కవరు జారిపోయిందండీ," అంది గౌతమి చివరికి, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "పట్టుకోకపోతే ట్రాక్టరు కింద పడుందును. దానికి కింద ఎలాస్టిక్ వెయ్యండత్తా. వస్తాను."