మూడు నొక్కి అడగండి

“నా పరువు నాలుగు వందల పన్నెండు ఫోన్లలో తీశారండీ మీరు!”

చెప్పులు గుమ్మం బయట విడవడం ఒక్కటి మరిచిపోకుండా, మిగతా మర్యాదలన్నీ మరిచిపోయి లోపలికి దూసుకొచ్చాడు టమాటా కుర్రాడు. ఎకరంన్నర చేను, దాన్ని మించిన నోరు.

లోపల కూర్చున్న అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి చూసింది. రైతులకు ఫోన్‌లో పంట సలహాలిచ్చే ఆ ఆఫీసుకి గొంతు ఆమెదే. రైతు మూడు నొక్కి, బీప్ వినపడ్డాక ప్రశ్న అడుగుతాడు. ఆమె జవాబు రికార్డు చేసి, పదిమందికీ పనికొస్తుందని ప్రశ్న, జవాబు రెండూ కలిపి రైతులందరికీ పంపుతుంది.

“ఆకుముడత గురించి అడిగారు. తెల్లదోమ వల్ల వస్తుంది, పసుపు జిగురు అట్టలు కట్టమన్నాను. తప్పేముంది?”

“అడిగాక ఫోన్ పెట్టేయడం మరిచిపోయానండీ. మా అమ్మతో అన్నది కూడా ఎక్కింది అందులో!”

ఆమె అప్పుడు పని తొందరలో సగం విని పంపేసింది. ఇప్పుడు మిగతా సగం విన్నది.

‘అమ్మా, ఈ పిల్ల గొంతు వింటే ముడుచుకున్న ఆకు కూడా విచ్చుకుంటుందే! కోడలిగా తెచ్చుకోరాదూ?’

ఆమె చెవులు దోర టమాటాల్లా ఎర్రబడ్డాయి. “ఇది... మీరన్నదేనా?”

“గొంతు నాదే. ధైర్యం మాత్రం అప్పటిదండీ.”

అంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. “నిన్నట్నుంచి అరవై ప్రశ్నలొచ్చాయమ్మా. ఒక్కటీ పంట గురించి కాదు. అందరిదీ ‘పిల్ల ఏమంది?’ అన్నదే! ఒకాయనైతే ఎరువు సంగతి తర్వాత, పెళ్లెప్పుడో చెప్పమంటున్నాడు. శుక్రవారంలోగా ఇది ఆగకపోతే నీ బదులు కంప్యూటర్ గొంతు పెట్టేస్తాను.”

ఆయన వెళ్లాక ఆమె కళ్లు చెమర్చాయి. “రెండేళ్లు కష్టపడి వీళ్లకి ప్రశ్న అడగడం అలవాటు చేశానండీ.”

కుర్రాడి కోపం చప్పున చల్లారింది. “నా నోటితో చెడింది. నా కాళ్లతో బాగుచేస్తాను.”

మర్నాటి నుంచి బండేసుకుని చేనుచేనుకూ తిరిగాడు.

“బాబాయ్, ఆ అమ్మాయి ఉద్యోగం పోయేట్టుంది. నీ పంటకేదో తెగులుంటుంది కదా, అడుగు!”

“నా చేను నవనవలాడుతోందిరా.”

“అయితే ఎందుకలా ఉందో అడుగు!”

“అది నేను చెప్పాలిరా, ఆ పిల్లకేం తెలుసు?”

రోజూ సాయంత్రం ఎంతమందిని కలిశాడో చెప్పడానికి ఆఫీసుకి వచ్చేవాడు. చెప్పడం రెండు నిమిషాలు, కూర్చోవడం గంట. నాలుగో రోజు ఆమే రెండో కుర్చీ తుడిచి పెట్టింది.

శుక్రవారం వాన. కుర్రాడు తడిసి ముద్దయి వచ్చేసరికి సూపర్‌వైజర్ ఆమె పక్కనే కూర్చుని ప్రశ్నలు వింటున్నాడు. ముప్పై తొమ్మిదీ పంటవే. నలభయ్యోది మోగింది.

‘తల్లీ, నేను నాన్నని. ఇంట్లో ఎదురుగా అడగలేక మూడు నొక్కాను. మొన్నొక కుర్రాడు మన చేలోకొచ్చి నీ ఉద్యోగం నిలబెట్టమని బతిమాలాడు. నేనెవరో చెప్పలేదు. ఇవాళ పొద్దున్నే వెళ్లి వాడి చేను చూశాను. నోరు కాస్త ఎక్కువే గాని, గట్టు మీద కూడా కలుపు లేదు. నీకిష్టమేనా? పంట ప్రశ్న కూడా ఉండాలట కదా... మన వంగకి కాయతొలిచే పురుగొచ్చింది.’

“అయ్యబాబోయ్, ఆ వంగతోట పెద్దాయనా!” కుర్రాడు తలపట్టుకున్నాడు. “ఆయన ముందు అరగంటసేపు మిమ్మల్ని పొగిడానండీ!”

“ఇది పంట ప్రశ్నేనా?” అన్నాడు సూపర్‌వైజర్.

“సగం అదే సార్,” అంది ఆమె.

ఆయన నవ్వాపుకుంటూ లేచాడు. “కంప్యూటర్ గొంతైతే ఈ రెండో సగానికి జవాబు చెప్పలేదు. నువ్వే చెప్పు.”

ఆమె మైకు దగ్గరకు లాక్కుంది.

“వాడిన మొవ్వులు, పుచ్చిన కాయలు తుంచి చేనుకి దూరంగా పాతిపెట్టండి నాన్నా. రెండోదానికి... ఇతను తడిసి వణుకుతున్నాడు. వాన తగ్గాక ఇంటికి తీసుకొస్తాను. ఎదురుగానే అడగండి, ఇష్టమనే చెబుతాను.”